ఖాళీ తూటాకు ఇన్ని పనిముట్లా?

తుపాకి పేలగానే గుండు పోతుంది. మందు పొగై పోతుంది. అడుగున వున్న చిన్న టోపీ నలిగి పనికిమాలినదవుతుంది. మిగిలేది ఒక్క ఇత్తడి గొట్టం. తూటాలో సాధారణంగా ఖరీదైన భాగం అదే. పాలడబ్బాను పోపులడబ్బాగా, పాత పట్టుచీరెను పిల్లల పరికిణీగా మార్చుకునే మనబోటి సంసారులకు ఆ గొట్టాన్ని పారెయ్యాలంటే ప్రాణం వొప్పదు. "మళ్ళీ మందు పోసి, గుండు పెట్టి వాడుకోకూడదా?" అనిపించడం సహజం.

ఈ ప్రశ్న మా కుటుంబంలోనే పుట్టింది.

మాది పాలకొల్లు. ముప్పయ్యేళ్ళపాటు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి. నాకు తుపాకులతో చుట్టరికం లేదుగాని, తుపాకులున్న చుట్టాలున్నారు. మా మేనమామగారిది కొల్లేటి వైపు పల్లెటూరు. ఆయన కొడుకు, అంటే మా బావ, నిరుడు పోయాడు. చేపల చెరువుల గట్లమీద రాత్రిళ్ళు ఒంటరిగా తిరిగేవాడు గనుక, లైసెన్సు తీసుకుని ఒక .32 రివాల్వరు వుంచుకున్నాడు. పెద్దకర్మ కాకముందే ఆ రివాల్వరునూ, మిగిలిన తూటాలనూ పోలీసు స్టేషనులో దాఖలు చేయించాం. మేనల్లుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అంతవరకు బాగానే వున్నది.

సంవత్సరీకానికి ఇల్లు దులుపుతూంటే అటకమీద ఒక టేకుపెట్టె బయటపడింది. తెరిచి చూస్తే మేనమామగారి కాలంనాటి సరంజామా: ఇత్తడి గొట్టాలు, కొయ్య కూరుడుకర్ర, పిడివున్న చిన్న కొలపాత్ర. డల్లాసునుంచి వచ్చిన మనవడు అది చూసి ఎగిరి గంతేశాడు.

"తాతగారూ! ముత్తాతగారు తూటాలు ఇంట్లోనే నింపుకునేవారన్నమాట. మా వూళ్ళోనూ అంతే. నాన్నగారికి లైసెన్సు వచ్చాక అంతంత డబ్బు పోసి తూటాలు కొనడమెందుకు? నేను వెళ్ళగానే ఒక ప్రెస్సు పార్సెలు చేస్తాను" అన్నాడు.

మా చెల్లెమ్మ, అంటే బావ భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నది. "అన్నయ్యగారూ, అదేదో కుట్టుమిషను లాంటిదేనాండీ? ఇంట్లో పెట్టుకోవచ్చునా?" అని నన్నడిగింది.

ఆమె అడిగిన ఆ చిన్న ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

అటకమీది పెట్టె

మేనమామగారిది పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకి. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుళ్ళుగా పోస్తే ఒక్కొక్క గుండు వ్యాసం ఎంతో, ఆ గొట్టం వెడల్పు అంత. అందుకే దానికా పేరు. దాని తూటాలో ఒక గుండు కాదు, గుప్పెడు సీసపు పూసలుంటాయి. మందు మీద ఒక బిళ్ళ, పూసల మీద ఒక అట్టబిళ్ళ కూరితే తూటా తయారు. శీతాకాలం కొల్లేటికి బాతులు దిగే రోజుల్లో ఆయన సాయంత్రంపూట అరుగుమీద కూర్చుని ఆ పని చేసుకునేవారని మా అమ్మ చెప్పేది.

ఆ రోజులు పోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. పక్షులు నీళ్ళలోనే వున్నాయి, పెట్టె అటకెక్కింది.

అయితే ఆ పనికీ, రివాల్వరు తూటా నింపే పనికీ పేరొక్కటే గాని పోలిక తక్కువ. పూసల తుపాకి గొట్టం లోపల నున్నగా వుంటుంది. రివాల్వరు, పిస్తోలు గొట్టాల్లో మెలితిరిగిన గాళ్ళుంటాయి. గుండు ఆ గాళ్ళను వొరుసుకుంటూ, బిగువుగా, గిర్రున తిరుగుతూ పోవాలి. వెనకనుంచి తోసే ఒత్తిడి సామాన్యమైనది కాదు. అమెరికాలో విస్తారంగా వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌన్లు. మన కారు టైర్లలో గాలి 35 పౌన్లకు కాస్త అటూ ఇటూ. అంటే వెయ్యి రెట్లు! ఆ వెయ్యి రెట్ల ఒత్తిడి పుట్టేది మన చిటికెనవేలి కొస అంత జాగాలో, అదీ మన గుప్పిట్లోనే.

చేతినుంచి ఫ్యాక్టరీకి

పూర్వం ఏ తుపాకి అయినా పట్టుకున్నవాడే నింపుకోవాలి. గొట్టం మూతిలోంచి మందుపోసి, గుండువేసి, కడ్డీతో కూరేవాడు. వానలో తడిస్తే మందు పనిచెయ్యదు. తొందరలో కూరితే కొలత తప్పుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో మందు, గుండు, నిప్పు మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడిన తూటా వచ్చాక ఆ బాధ తీరింది. కాని దానితోపాటు మరొక మార్పు వచ్చింది. నింపే పని తుపాకి పట్టినవాడి చేతిలోంచి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

ఆ మార్పు ఎంత పెద్దదో మన జిల్లా మనిషి చరిత్రే చెబుతుంది. అల్లూరి సీతారామరాజు వంశీకులది భీమవరం దగ్గర మోగల్లు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇల్లా వరుసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లమీద ఆయన దళం పడింది. తుపాకులతోపాటు తూటాలు కూడా పట్టుకుపోయింది. నాటుతుపాకికి మందు కొండమీదనే కూరుకోవచ్చు. పోలీసు తుపాకికి ఫ్యాక్టరీ తూటాయే కావాలి. తుపాకి చేతికి వచ్చినంత మాత్రాన సరిపోదు, తూటా లేని తుపాకి చేతికర్రతో సమానం.

తూటా కడుపులో

తూటాలో నాలుగే భాగాలు: ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు.

ప్రైమరు అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ. తుపాకి సుత్తి దాన్ని కొడుతుంది. ఆ నిప్పు అడుగున వున్న బెజ్జంలోంచి మందుకు అంటుకుంటుంది. ఇందులో ఒక తమాషా వున్నది. 1866 ప్రాంతంలో ఇంగ్లండులో బాక్సర్ అనే సైనికాధికారి ఒక రకం ప్రైమరును, అమెరికాలో బెర్డాన్ అనే ఆయన మరొక రకాన్ని కనిపెట్టారు. ఇంగ్లీషువాడిది అమెరికాలో స్థిరపడింది; అమెరికావాడిది యూరపులో వ్యాపించింది. బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున నడిమధ్య ఒకే బెజ్జం వుంటుంది. సన్నని సూది దింపితే కాలిపోయిన ప్రైమరు వూడి వస్తుంది. బెర్డాన్ పద్ధతిలో బెజ్జాలు చిన్నవి, పక్కలకు వుంటాయి, సూది పనిచెయ్యదు. అమెరికాలో ఇంటింటా తూటాలు నింపుకోవడం సులువు కావడానికి ఈ ఒక్క బెజ్జమూ పెద్ద కారణం.

మందుకూడా పాతకాలపు నల్లమందు కాదు. 1884లో ఫ్రాన్సులో పోల్ వియేల్ అనే రసాయనికుడు పొగరాని మందు తయారుచేశాడు. ఇప్పటి తూటాల్లోది ఆ జాతి మందే. నల్లమందుకంటే చాలా జోరుగలది. అందుచేత చాలా పిస్తోలు తూటాల్లో గొట్టం సగం నిండేటంత మందు కూడా పట్టదు. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో ముందు పని వున్నది.

డల్లాసు గారేజీలో

రెండేళ్ళ కిందట మేము డల్లాసు వెళ్ళినప్పుడు మనవడి పొరుగింటి పెద్దమనిషి, రిటైరయిన మెకానిక్కు, తన గారేజీ చూపించాడు. కారుండవలసిన చోట బలమైన కర్రబల్ల. దానిమీద ఇంతింత ఇనుప సామాను. ఆయన పని చేస్తూంటే పక్కన నిలబడి చూడటానికి ఒక షరతు పెట్టాడు: మాట్లాడకూడదు, కళ్ళద్దాలు తియ్యకూడదు.

మొదట ఖాళీ గొట్టాలను నలిగిన మొక్కజొన్న కండె పొట్టులో వేసి ఒక గిన్నెలాంటి యంత్రంలో గంటల తరబడి కదిలిస్తాడు. చింతపండుతో తోమిన చెంబుల్లా మెరుస్తాయి. తరవాత ఒక్కొక్కదాన్నీ దీపం దగ్గర పెట్టి పగుళ్ళున్నాయా అని చూస్తాడు. వెంట్రుకవాసి బీట కనిపించినా అవతల పారేస్తాడు.

బల్లకు బోల్టులతో బిగించినది ప్రెస్సు. చెరుకురసం బండిలాగా పెద్దది కాదు. మూరెడు ఎత్తు, ఒక పొడుగాటి మీట. మీట లాగితే కింద అమర్చిన గొట్టం పైకి లేచి డైలో దూరుతుంది. డైలు సామాన్యంగా మూడు. పేలినప్పుడు వుబ్బిన గొట్టాన్ని మళ్ళీ అసలు కొలతకు నొక్కి, పాత ప్రైమరును వూడగొట్టేది ఒకటి. గుండు కూర్చోవడానికి వీలుగా మూతిని కాస్త విప్పేది రెండోది. గుండును సరైన లోతుకు దించి మూతి బిగించేది మూడోది. కొత్త ప్రైమరు కూర్చోబెట్టడానికి వేరే చేతిపరికరం. మందు పొయ్యడానికి సీసాలాంటి కొలయంత్రం.

ఇవి పనిచేసే పనిముట్లు. తతిమ్మావన్నీ ఏమిటనుకున్నారు? అన్నీ అనుమానం తీర్చుకునే పనిముట్లు! మందు తూచే త్రాసు. ఆ త్రాసును తూచే రాళ్ళు. పొడవు చూసే కాలిపరు. యాభై గొట్టాలు వరసగా నిలబడే చిల్లుల పలక. ఆ చిల్లుల్లోకి తొంగిచూసే బ్యాటరీ దీపం. నింపిన తూటాలో పొరపాటుందని తోస్తే గుండును వూడదీసే సుత్తి. వీటన్నిటికీ పైన, బల్ల మధ్య, ఏ గుండుకు ఏ మందు ఎంత అని అచ్చువేసిన లావుపాటి పుస్తకం. ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న మనిషి కూడా ఆ పుస్తకం తెరవకుండా మందు సీసా మూత తియ్యడు. బల్లమీద ఎప్పుడూ ఒకే మందు సీసా వుంటుంది. రెండోది వుండటానికి వీల్లేదు.

గురివింద గింజలో పందొమ్మిదో వంతు

ఆ త్రాసు మీద ముల్లు చూపేది గ్రాములు కాదు, గ్రెయిన్లు. గ్రెయిను అంటే గింజ, బార్లీ గింజ. మన కంసాలికి గురివింద గింజ వున్నట్టే వాళ్ళకదీ. ఈ రెండు గింజలకూ చుట్టరికం కూడా వున్నది. పాత తులానికి 96 రత్తులు. రత్తి అంటే గురివింద గింజే. ఇంగ్లీషువాళ్ళు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు. ఆ లెక్కన ఒక గురివింద గింజ రెండు గ్రెయిన్లకు రవంత తక్కువ తూగుతుంది.

చాలా పిస్తోలు తూటాల్లో పట్టే మందు నాలుగైదు గ్రెయిన్లే. అంటే రెండు మూడు గురివింద గింజల ఎత్తు! దాన్ని గ్రెయినులో పదోవంతు వరకు చూసుకుంటారు. అంటే ఒక గురివింద గింజను పందొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. బంగారం కొట్లో ఆ పాటి తేడా వస్తే పోయేది కొద్దిపాటి డబ్బు. ఇక్కడ లెక్క తప్పితే పోయేవి వేళ్ళు, కళ్ళు. ఫాను గాలికి కూడా త్రాసు ముల్లు కదులుతుందని ఆయన తూచేటప్పుడు ఫాను కట్టేశాడు. టెక్సాసు ఎండలో ఫాను కట్టెయ్యడం ఎంత నిష్ఠో నేను చెప్పనక్కరలేదు.

రెండు పొరపాట్లు

ఈ పనిలో ముఖ్యంగా భయపడవలసిన పొరపాట్లు రెండు. మందు పొయ్యడం మరిచిపోవడం, రెండుసార్లు పొయ్యడం.

మరిచిపోతే ఏమవుతుంది? పేలదు, అంతేగా అనిపిస్తుంది. కాని ప్రైమరుకు కూడా కొంత శక్తి వున్నది. అది గుండును గొట్టం మధ్యదాకా నెట్టి అక్కడ ఇరికిస్తుంది. "టప్" మని చిన్న శబ్దం. కాల్చేవాడు అది గమనించక మళ్ళీ మీట నొక్కితే, రెండో గుండు మొదటిదాన్ని గుద్దుకుని గొట్టమే చీలిపోవచ్చు.

రెండుసార్లు పోస్తే? ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికివస్తుంది. మందు గొట్టంలో సగం కూడా పట్టదు గనుక, రెండింతలు పోసినా పొంగి పొర్లదు. కాఫీ గ్లాసులాగా నిండి మనకు చెప్పదు. పైన గుండు కూర్చుంటే రెండు తూటాలూ కవలపిల్లలే. తేడా తెలిసేది పేలినప్పుడే.

అందుకే ఆ చిల్లుల పలక, ఆ బ్యాటరీ దీపం. యాభై గొట్టాల్లోకీ వరసగా తొంగిచూసి, అన్నిట్లోనూ మందు ఒకే మట్టంలో వున్నదని కంటితో తెలుసుకున్న తరవాతనే ఆయన మొదటి గుండు తీశాడు. ఫోను మోగితే ఎత్తలేదు. ఆయన భార్య భోజనానికి పిలిస్తే, చేతిలో పని ఎక్కడ ఆగిందో కాగితంమీద రాసుకున్నాకనే లేచాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాడు. సీసం, ప్రైమరు మసి అన్నంలో కలిస్తే వొంటికి విషం, అందులో పిల్లలకు మరీ చెరుపు. ఆ బల్ల దగ్గరికి మనవల్ని రానివ్వడు. అక్కడ చుట్ట వెలిగించడు.

"ఇంత చేస్తే డబ్బు మిగులుతుందా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "మిగలదు. అదే డబ్బుకు ఎక్కువ తూటాలు కాలుస్తాను" అన్నాడు.

నాకు ఆ గారేజీలో తోచినది ఒక్కటే. ఫ్యాక్టరీలో తూచేవాడు వేరు, నింపేవాడు వేరు, పరీక్ష చేసేవాడు వేరు. ఒకరి తప్పును మరొకరు పట్టుకుంటారు. ఇంట్లో ఆ ముగ్గురూ ఒక్క మనిషే. తన పనిని తానే అనుమానించే ఓపిక వున్నవాడికే ఆ బల్ల. ప్రెస్సు కొనుక్కోవచ్చు, ఆ అనుమానం కొనుక్కోవడానికి దొరకదు.

మరి మన ఇంట్లో?

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తన సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాడికి లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి చేస్తే కావాలి. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1నుంచి అమలులో వున్నది. ఆ చట్టంలో "మందుగుండు" అనే మాటకు ఇచ్చిన అర్థంలో తయారైన తూటాయే కాదు, తూటా భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా చేరతాయి. రివాల్వరు వుంచుకునే లైసెన్సు వుంచుకోవడానికే. తయారీకి అయిదో సెక్షను కింద వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా చేస్తే, 2019 సవరణ తరవాత, శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాదు. యావజ్జీవం దాకా పోవచ్చు.

ఈ మాట నేను మనవడికి విడమరిచి చెప్పాను. వాడు చదువుకున్నవాడే, మొహం పాలిపోయింది. "అంటే ఆ పార్సెలు నాన్నగారి పేర వస్తే..." అని ఆగాడు.

"లైసెన్సు మాట దేవుడెరుగు, ముందు మీ నాన్న కోర్టుమెట్లు ఎక్కాలి. తూటాకు ఇన్ని రూపాయలని లెక్కవేశావు గాని, ఈ లెక్క వెయ్యలేదు నువ్వు" అన్నాను.

పార్సెలు మాట అక్కడితో ఆగింది. టేకుపెట్టె సంగతి తేల్చవలసి వచ్చింది. అదే చట్టంలో 21వ సెక్షను, లైసెన్సుదారు చనిపోతే ఆయుధాలనూ మందుగుండునూ వారసులు అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సుగల వర్తకుడివద్దగాని దాఖలు చెయ్యాలంటుంది. మేనల్లుడు ఒక వకీలుగారిని వెంటబెట్టుకుని, ఏయే వస్తువులున్నాయో కాగితంమీద రాసి, పెట్టెతో సహా అప్పగించి రసీదు తీసుకున్నాడు. "మా మావగారి చేతి గుర్తు అండీ" అని చెల్లెమ్మ కళ్ళు వొత్తుకున్నది. ఖాళీ పెట్టె ఇంటికి తిరిగివచ్చింది. ఇప్పుడందులో కంది పప్పు పోసుకున్నది.

మన డెల్టా పల్లెల్లో పాత లోగిళ్ళు చాలా వున్నాయి. తాతలనాటి అటకలూ వున్నాయి. ఏ అటకమీద ఏమున్నదో చాలామందికి తెలియదు. మీకూ ఇల్లాంటి పెట్టె దొరికితే మూడు మాటలు గుర్తుంచుకోండి. లోపలి తూటాను గీకి చూడవద్దు, తెరిచి చూడవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. మందుకు వయసు మళ్ళితే నెమ్మదించదు, దాని బుద్ధి చెప్పలేం. ఇత్తడి గదా అని పాతసామాన్లవాడికి వెయ్యవద్దు. పరువు పోతుందని దాచవద్దు. తెలిసిన వకీలుతో మాట్లాడి, రాతపూర్వకంగా అప్పగించండి.

మా చెల్లెమ్మ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే: "కుట్టుమిషను లాంటిదేనమ్మా. కాకపోతే, కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసుకుంటాం. దీని కుట్టు తప్పితే విప్పడానికి వీలుండదు."